గడపకు పసుపు, గోడకు ఎరుపు

మా తోటికోడలు వెంకటరత్నమ్మ ఇంటి గోడ మీద ఎర్ర ముద్ర పడ్డ రోజు నాకు అన్నం సయించలేదు. మా గోడ మీద పడింది సున్నపు ముద్ర, తెల్లది. నిజానికి రెండూ ఒకే ఇంటి గోడలు. నడుమ మూరెడు మందాన అడ్డుగోడ. ఆ గోడకు అవతల ఉన్నది బజారట, ఇవతల ఉన్నది కాపురాలుండే చోటట. మరి ఇన్నాళ్ళూ అవతలివాళ్ళు కాపురం చెయ్యలేదా అని నేనడిగితే మా ఆయన నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇది మద్రాసులో కాంగ్రెసు మంత్రులు వచ్చిన ఏడాదీ, ఆ మరుసటి ఏడాదీ జరిగిన సంగతి. గిద్దలూరుకూ మార్కాపురానికీ మధ్య ఎక్కడో మా ఊరు. పేరు చెప్పను, చెబితే ఇప్పటికీ కొట్లాటకు వచ్చేవాళ్ళున్నారు. నేను శేషమ్మను. నా మొగుడు రామయ్య, ఆయన అన్న కొండయ్య బావ. మామ పోయాక ఇల్లు రెండు పాళ్ళయింది. పెద్దవాడికి పడమటి పాలు, చిన్నవాడికి తూర్పు పాలు. అది మా ఇళ్ళల్లో ఆనవాయితీ, ఒకరు ఎంచుకునేది కాదు. అప్పట్లో పడమర వైపు తుమ్మచెట్లూ పల్లేరుకాయలూ తప్ప ఏమీ లేవు. మా తూర్పు సందులోనైతే బావి ఉంది, నలుగురూ తిరుగుతారు. "పాపం, అక్కకు ముళ్ళకంప దక్కింది" అని పైకి అంటూ లోపల మురిసిపోయాను. ఆ మురిపెం మూడేళ్ళు నిలవలేదు. తుమ్మచెట్లు కొట్టేసి అటుగా స్టేషన్‌కు కంకర రోడ్డు వేశారు. రైలు దిగిన ప్రతి మనిషీ ఇక మా అక్క గుమ్మం ముందు నుంచే నడవాలి.

రోడ్డు పడ్డాక ఊరికొక పటం గీయాలని ఒక ఇంజనీరు వచ్చాడు. సన్నగా, ఎండకు కమిలిపోయి ఉండేవాడు పాపం. గొలుసు పట్టించి ఊరంతా కొలిచాడు. ఒకరోజు మజ్జిగ తాగడానికి మా అరుగు మీద కూర్చుని ఆ పటం విప్పి నాకు చూపించాడు. ముగ్గులా ముచ్చటగా ఉంది. అంగళ్ళన్నీ ఒక వరస, ఎర్ర రంగులో. వెనక కాపురాలు, తెల్లగా. రోడ్డుకు రెండు పక్కలా మురుగుకాలవ, వేపచెట్లు. సంతకు ఖాళీ జాగా. పలకరాళ్ళు కోసే షెడ్లన్నీ వాగు అవతల. "గాలి ఇటు నుంచి అటు పోతుందమ్మా, ఆ దుమ్ము మీ పాలకుండల్లో పడదు" అన్నాడు. నా పాలకుండల గురించి ఆలోచించిన సర్కారు మనిషిని నేను అతణ్ణొక్కణ్ణే చూశాను. మళ్ళీ రాలేదు.

పటం మాత్రం పంచాయతీ బోర్డులో మిగిలింది. బోర్డు ప్రెసిడెంటు రంగనాయకులు దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. కాలవలూ చెట్లూ ఆయనకు ఆనలేదు. పటం అడుగున ఇంజనీరు రాసిన ఒక్క మాట నచ్చింది. ఒక చోట ఉండకూడనిది అక్కడ ఉండాలంటే, బోర్డు రుసుం తీసుకుని అనుమతి ఇవ్వవచ్చు. అంతే. ఆ మాట కోసమే మిగతా పటం గీశారనుకున్నాడాయన. ఇంక రంగులు జరపడం మొదలుపెట్టాడు. ఎవరి దగ్గర వసూలవుతుందో అక్కడికి ఎరుపు జరిగింది. ఎవరు ఎరుపు కోసం ఎగబడతారో అక్కడికి తెలుపు జరిగింది. కాలవకు గడ్డపార కూడా పడలేదు.

ఇక్కడే ఇంకో చిక్కు వచ్చింది. ఇంటి తలవాకిలి ఏ వీధికి ఉంటే ఆ వీధి రంగే ఇంటికి అని చట్టం. మా ఊళ్ళో ఏ ఇంటికి చూసినా రెండు మూడు వాకిళ్ళు. ఇది తలవాకిలి, కాదు అది తలవాకిలి అని బోర్డు ఆఫీసు ముందు వారం రోజులు అరుచుకున్నారు. చివరికి బిల్లు కలెక్టరు లక్ష్మీనరసయ్య తేల్చాడు. "ఆడోళ్ళు పసుపు రాసి బొట్లు పెట్టిన గడప ఏదో అదే తలవాకిలి. దాంట్లో అబద్ధం ఉండదు" అన్నాడు. అందరూ తలలూపారు. సర్కారు కాయితాలను నమ్మని వాళ్ళు కూడా పసుపును నమ్మారు. శుక్రవారం రాసిన పసుపు చెరిగిపోకముందే శనివారం పొద్దున్నే వచ్చి రాసుకుపోయేవాడు. పలకల పనిచేసే కిరస్తానీ ఏబేలు ఇంట్లో గడపకు పసుపు రాయరు. అతని ఇంటికి తలవాకిలే లేదని మొదట వదిలేసి, తర్వాత ఉన్న రెండు వాకిళ్ళకూ పన్ను వేశారు.

ఎర్ర ముద్ర పడ్డ నెలలోపే మా అక్క పంచలో బొరుగుల అంగడి పెట్టింది. బొరుగులు, వేయించిన శనగలు, బెల్లం, ఎండాకాలం మజ్జిగ. ఆ మజ్జిగకు పెరుగు నా దగ్గరే కొనేది. నాకు మూడు బర్రెలు. పేడ ఎత్తి, పాలు పిండి, కాచి తోడేసి నేనిస్తే, ఆమె దాంట్లో నీళ్ళు పోసి, అల్లం నలిపి, ఇత్తడి గ్లాసుతో అందించేది. "అమ్మా, నీ చేతి మజ్జిగ అమృతం" అనేవాళ్ళు బాటసారులు. పెరుగు నాది, చెయ్యి ఆమెది. ఆ మాట అడ్డుగోడ మీదుగా వినబడ్డప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

గోడకు చెవి ఆనించి ఎంతమంది ఆగారో చూసుకునేదాన్ని. ఒకరోజు దొనకొండ నుంచి వచ్చిన రైల్వే గుమాస్తా ఆమెను "అమ్మగారూ" అని పిలిచాడు. మా పుట్టింటి వైపు గానీ మెట్టినింటి వైపు గానీ ఎవర్నీ ఎవరూ గారూ అనలేదు. ఆ పిలుపు వారం రోజులు నా గొంతులో అడ్డం పడింది. సాయంత్రం మిగిలిన బొరుగులు మూటగట్టి గోడ మీద నుంచి నాకే అందించేది అక్క. తినేదాన్ని. తింటూ తిట్టుకునేదాన్ని. ఆమె చెడ్డదైతే నాకు ఎంత సుఖంగా ఉండేదో!

ఉండబట్టలేక ఒకరోజు లక్ష్మీనరసయ్యను సందులో ఆపాను.

"అన్నా, మా గోడకు కూడా ఎర్ర ముద్ర వెయ్యి."

"ఏంది చెల్లెమ్మా, అందరూ తుడిపేయమని నా కాళ్ళకు అడ్డం పడుతుంటే నువ్వు వెయ్యమంటావు?"

"మా అక్కకు వేసినావు గదా? నేనేం తక్కువ తిన్నానా?"

"మీ తలవాకిలి సందులోకి ఉండాది. సందు తెలుపు. అంగడి పెట్టుకోవాలంటే తెల్ల ఇంటికి వేరే రుసుం కట్టాల. అది ఎర్ర పన్ను కంటె ఎక్కువ."

"ఇదెక్కడి న్యాయం? ఎరుపుకూ కట్టాల, తెలుపుకూ కట్టాలా?"

"ఏ రంగుకూ కట్టకుంటే బోర్డు ఎట్ల నడుస్తాది? నీ బర్రెలకు ఇంకా ఏ రంగూ వెయ్యలేదు. గట్టిగా అడగబాక, ప్రెసిడెంటుకు గుర్తొస్తాది" అని నవ్వి పోయాడు.

అంటే ఎంత ఏడ్చినా నాకు ఎరుపు రాదు. ఆ రోజు తోడు వెయ్యడం మరిచిపోయాను. పాలు విరిగిపోయాయి.

మరుసటి ఏడాదికి కథ మారింది. ఎర్ర ఇళ్ళకు పన్ను మూడింతలు చేశారు. అంగడి లైసెన్సు వేరే. అరుగు జానెడు రోడ్డు మీదికి వచ్చిందని దానికి వేరే. ఎండకు పందిరి వేస్తే పందిరికి వేరే. రోడ్డు మీద ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే పడమటి వాకిలి రాళ్ళతో పూడ్చేసుకున్నారు. వెనకగోడ పగలగొట్టి సందుల్లోకి కొత్త వాకిలి పెట్టి, దానికి పసుపు రాశారు. ఊరికి మొహం కావలసిన రోడ్డు కాస్తా వీపుల వరసయింది. రైలు దిగిన కొత్తవాళ్ళకు మా అక్క వాకిలి దాకా మంచినీళ్ళడగడానికి కూడా తలుపు దొరికేది కాదు. దారి తప్పామేమోనని కొందరు వెనక్కి తిరిగి స్టేషన్‌కే పోయేవాళ్ళు. మనుషులు ఆగకపోతే బొరుగులెవరు కొంటారు? నా దగ్గర పెరుగు తీసుకోవడం మా అక్క సగం చేసింది, తర్వాత మానేసింది. పెరుగు మిగిలిపోయినందుకు నేను బాధపడాలి. పడలేదు. గోడకు చెవి ఆనిస్తే అవతల చడీచప్పుడూ లేదు. నాకు హాయిగా నిద్రపట్టింది.

అట్లాంటి రోజుల్లో ఆమే మా ఇంటికి వచ్చింది. బావ గుమ్మంలోనే నిలబడిపోయాడు. మా ఆయన నులకమంచం మీది నుంచి లేచాడు.

"శేషమ్మా, ఒక మాట అడుగుతా, కాదనబాక" అంది అక్క. "మీ ఇంటి పక్కన బర్రెలు పోయే దారి ఉంది గదా, మా పెరటిగోడకు అటువైపు ఒక వాకిలి పెట్టుకుంటాం. సందులోకి నడుస్తాం. అంగడి మూసేస్తాం. రోడ్డు తలుపుకు గడియ పెట్టేస్తాం. పూడ్చడానికి ఇప్పుడు చేతిలో ఏమీ లేదు."

బావ తల ఎత్తకుండా చెప్పాడు. "పోయిన ఏటి బాకీనే తీరలేదు రామయ్యా. ఈసారి కూడా ఎరుపే రాసుకున్నాడంటే ఇల్లు అమ్ముకొని పోవాల్సిందే. వేరే దారి లేదు."

"మన ఇల్లే గదన్నా. నన్ను అడగాల్నా?" అన్నాడు మా ఆయన. నా వంక చూడను కూడా లేదు.

పది రోజుల్లో వాకిలి లేచింది. పాత మంచంపట్టెలు ద్వారబంధానికి పనికొచ్చాయి, తలుపు ఏబేలు ఇంట్లో పడి ఉన్నది. మా ఆయనే రాళ్ళు మోశాడు. నాకు గోడకు మేకు కొట్టమంటే నెల పడుతుంది ఆయనకు.

అదైనా ఓర్చుకునేదాన్నేమో. ఓర్చుకోలేనిది సందులో జరిగింది. పన్నెండేళ్ళుగా ఆ సందులో నేను కాపురముంటున్నాను. బావి దగ్గర నాకు వంతు ఇచ్చేవాళ్ళు తప్ప పక్కన కూర్చోబెట్టుకునేవాళ్ళు లేరు. నా నోటికి జడిసి అంటారు. అక్క వచ్చిన మూడో రోజుకు పోలమ్మ ఆమెకు తల దువ్వుతోంది. ఆదిలక్ష్మమ్మ గుమ్మడికాయ తెచ్చిచ్చింది. విజయమ్మ పొదిలి సంతకు కలిసి పోదామంటోంది. బావి గట్టు మీద వాళ్ళ నవ్వులు నా పశువుల పాక దాకా వినబడేవి. నేను వెళ్తే నవ్వు తగ్గి, "కూర్చో శేషమ్మా" అనేవాళ్ళు, మర్యాదకు. రోడ్డు ఉన్నన్నాళ్ళూ రోడ్డు ఆమెది. ఇప్పుడు సందూ ఆమెదే. బజారు నుంచి ఓడిపోయి వచ్చిన మనిషి కూడా నా కంటె ముందుందంటే, ఇక నాకంటూ ఏ రంగు మిగిలింది?

శుక్రవారం ఆమె రోడ్డు గడపను కుంకుడు నురుగుతో రుద్ది రుద్ది కడిగింది. మామ ఉన్న నాటి నుంచీ ఆమే రాస్తున్న ఇరవై ఏళ్ళ పసుపు అది, చెక్కలోకి ఇంకిపోయింది. గులకరాయితో గీకింది. కడిగిన చెక్క తెల్లగా, బొట్టు లేని మొహంలా అయింది. కళ్ళు తుడుచుకుని సందు వాకిలికి వచ్చి, కొత్త గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టి, దణ్ణం పెట్టుకుంది. కడుగుతున్నంతసేపూ చెంబుతో నీళ్ళు పోసింది నేనే.

శనివారం పొద్దున ఆమె బిందె తీసుకుని బావికి వెళ్ళింది. బావా మా ఆయనా చేనికి పోయారు. లక్ష్మీనరసయ్య సందు మొదట్లో ఉన్నాడని ఎవరో అరిచారు. నేను మా గిన్నెలో మిగిలిన పసుపు చూశాను. ఏం చేయబోతున్నానో నాకు తెలియదని చెప్పను. బాగా తెలుసు. ఇల్లు పోతుందని బావ చెప్పిన మాట చెవిలో ఉండనే ఉంది. బర్రెల దారి మలుపు తిరిగి రోడ్డు మీదికి వచ్చాను. పట్టపగలు. ఎవరైనా చూస్తే ఆగిపోదామనే అనుకున్నాను. ఆ రోడ్డు పొడుగునా ఒక్క తలుపు తెరిచి లేదు, తెరవడానికి తలుపులే లేవు. అన్నీ పూడ్చేసిన గోడలు. చూసే కన్ను లేదు. వంగి, ఆ కడిగిన గడపకు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పసుపు రాశాను. నిన్నటి నీళ్ళకు చెక్క ఇంకా చెమ్మగా ఉంది, వెంటనే పట్టుకుంది. ఇంటికి వచ్చి బర్రె కింద కూర్చున్నాను.

లక్ష్మీనరసయ్య సందు వాకిలి చూశాడు. "బాగుండాది, తెలుపు రాస్తున్నా" అన్నాడు. పద్ధతి ప్రకారం అటు వైపు కూడా చూడాలి కాబట్టి చుట్టూ తిరిగి పోయాడు. కాసేపటికి అతని కేక వినబడింది. అక్క బిందె సందులోనే దించి పరుగెత్తింది. సందులోవాళ్ళందరూ వెనక పరుగెత్తారు. నేనూ పోయాను, పోకపోతే బాగుండదని.

అతను గడప మీద వేలు రాసి పైకెత్తి చూపించాడు. వేలు పచ్చగా ఉంది.

"ఇదేందమ్మా, అటు రాసినావు, ఇటు రాసినావు? రెండు తలవాకిళ్ళు పెట్టుకుంటే నేనేం రాయాల? రెండున్నప్పుడు పన్ను ఎక్కువ దానికే రాయమని ప్రెసిడెంటు మాట."

"నిన్న కడిగినా అన్నా! గీకి గీకి కడిగినా!" అని అక్క నా వైపు తిరిగింది. "శేషమ్మా, నువ్వు నీళ్ళు పోసినావు గదా. నువ్వు చెప్పు."

అందరూ నన్ను చూశారు. నా చేతులు పచ్చగా ఉన్నాయి. శుక్రవారం మర్నాడు ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతులూ పచ్చగానే ఉంటాయి, దాని గురించి నాకు భయం లేదు. ఒక్క "అవును" చాలు. నిన్న కడిగింది, నేను నీళ్ళు పోశాను, ఇది ఎవరో రాసింది అని అంటే లక్ష్మీనరసయ్య మెత్తని మనిషి, తెలుపే రాసుకుని పోయేవాడు. పోలమ్మ చెయ్యి అక్క భుజం మీద ఉంది. విజయమ్మ ఆమె కొంగు సర్దుతోంది. నా పక్కన ఎవరూ లేరు.

"కడిగింది నిజమే" అన్నాను. "తర్వాత మళ్ళీ రాసిందేమో నేను చూడలేదు. పాలు పిండుకుంటున్నా."

అతను నిట్టూర్చి ఎరుపు రాసుకున్నాడు.

ఇల్లు కొన్నది ప్రెసిడెంటు బావమరిది. అక్కడ పలకరాళ్ళు కోసే షెడ్డు పెడుతున్నాడు. వాగు అవతల ఉండాల్సింది నడివీధిలో ఎట్లా పెడతారని మా ఆయన బోర్డుకు పోయి అడిగాడు. రుసుం కట్టినారు, అనుమతి ఇచ్చినాం అన్నారు. మా వాళ్ళు ఖాళీ చెయ్యకముందే రాళ్ళబండ్లు వచ్చి రోడ్డు వాకిట్లో దించేసి పోయాయి. కొమరోలు దగ్గర అక్క పుట్టిల్లు. అన్నదమ్ములు గొర్లు మేపుకుంటారు. వాళ్ళ పంచన ఉండి గొర్ల వెంట తిరగడానికి పోతున్నారు, బావ యాభై ఏళ్ళ వయసులో.

బండి కట్టిన పొద్దున సందంతా వచ్చింది. ఆదిలక్ష్మమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. మా ఆయన అన్న చెయ్యి పట్టుకుని వదలడం లేదు. అక్క అందరినీ విడిపించుకుని నా దగ్గరికి వచ్చి, నన్ను పక్కకు తీసుకుపోయింది. తెలిసిపోయిందేమో అనుకున్నాను.

"పాలకుండల మీద గుడ్డలు కట్టుకో శేషమ్మా. ఆ దుమ్మంతా గోడ దాటి నీ మీదికే వస్తాది" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "మీ బావకు చెప్పలేదు. నీకొక్కదానికే చెబుతున్నా. ఆ పసుపు నేనే రాసింటాను. ఇరవై ఏండ్ల అలవాటు, పొద్దున లేస్తూనే నిద్రకళ్ళతో రాసేసింటాను, నాకే తెలీలేదు. ఇంకెవురు రాస్తారు చెప్పు? మనకు పగోళ్ళు ఎవురున్నారు? నువ్వు నిజం చెప్పినావు. నేనే ఊరికే నీ మీదికి వచ్చినా. మనసులో పెట్టుకోబాక."

నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె వెనక సందు సందంతా ఆమె కోసం నిలబడి ఉంది. చెబితే వాళ్ళందరూ ఇంక నా వంక ఎట్లా చూస్తారో కనబడింది. నోరు మూసుకున్నాను. "పోయిరా అక్కా" అన్నాను.

బండి మలుపు తిరిగేదాకా ఆమె వెనక్కి చూస్తూనే ఉంది. నేను ఏడవాలని చూశాను, రాలేదు. ఏ తప్పూ చేయని ఆమె తప్పంతా తన మీద వేసుకుని, కడుపారా ఏడ్చి తేలికపడి పోయింది. చేసినదాన్ని నాకు ఆ ఏడుపు కూడా దక్కలేదు. దానికీ ఆమె మీద కుళ్ళుకున్నాను.